కట్ట పన్ను

ఆ ఊరి బోర్డు ఆఫీసులో పన్నులు వసూలు చేసే ఆవిడని ఊరంతా ‘పళ్ళ డాక్టరు’ అనేవారు. ఇంటింటికీ తిరిగి పన్ను లాగుతుంది కాబట్టి. ఆవిడ గుమ్మంలో కనపడగానే దవడ పట్టుకుని “అమ్మో, నా పన్ను!” అని మూలిగేవాళ్ళు కొందరు. మొదట్లో ఆవిడకి ఒళ్ళు మండేది. పోనుపోను తనే “నోరు తెరవండి, నొప్పి తెలీకుండా లాగేస్తా” అనడం నేర్చుకుంది. పన్ను అడగడానికి వచ్చిన మనిషికి ఎవరూ కుర్చీ వెయ్యరు. నవ్వించగలిగితే కనీసం నీడన నిలబడనిస్తారు.

అది మొగుడి ఉద్యోగం. ఆయన పోయాక బోర్డువాళ్ళు ఆవిడకి ఇచ్చారు. ఇంట్లో అత్తగారూ, కాలేజీలో చదివే కూతురూ. వసూళ్ళు లేని నెలల్లో ఇళ్ళు కొలవడం కూడా ఆవిడ పనే. టేపు ఒక కొస ఇంటివాళ్ళ చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని గదిగదికీ తిరిగేది. వంటింట్లో పొగగూడు ఎటుందో, ఏ గదికి కిటికీ లేదో, ఎవరింట్లో ముసలివాళ్ళ మంచం నడవలోకి వచ్చేసిందో ఆవిడకి తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

ఊరికి పల్లపు వైపు కాలవ, దాని పక్కన కట్ట, కట్టకింద ఒక వీధి. సంచులు కుట్టేవాళ్ళు, సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు, ఇస్త్రీ చేసే ఒక పెద్దమ్మ, అలాంటివాళ్ళ ఇళ్ళు. మట్టి గోడలు, రేకుల కప్పులు. కట్ట ఎలకలు తవ్వి తవ్వి జల్లెడలా అయిపోయింది. వానాకాలం వస్తే అక్కడక్కడా చెమ్మ ఊరేది. పన్నుకి వెళ్తే ఆ వీధివాళ్ళు ఒకటే మాట అనేవారు: “ముందు కట్ట సంగతి చూడండి, తర్వాత పన్ను సంగతి చూద్దాం.”

బోర్డు సంగతి వేరే చెప్పాలా. ఇంటి పన్ను, నీటి పన్ను, బజార్లో నాలుగు షాపుల అద్దె. పైనుంచి వచ్చే గ్రాంటు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. బడ్జెట్టు రాసే గుమస్తాని అందరూ ‘లెక్కల బాబాయి’ అనేవారు. “బడ్జెట్టంటే పొట్టి దుప్పటమ్మా. తలకి లాగితే కాళ్ళకి చలి, కాళ్ళకి లాగితే తలకి చలి” అనేవాడాయన. ఆ ఏడు మాత్రం ఆయన మనసు ఎలా కరిగిందో ఏమో, కట్ట మరమ్మతుకి డబ్బు వేశాడు. పన్నులు పూర్తిగా వసూలైతేనే అని మెలిక పెట్టాడు.

పళ్ళ డాక్టరు ఆ కబురు పట్టుకుని ఆ సాయంత్రమే కట్టకింద వీధికి వెళ్ళింది.

“ఈసారి పన్ను కట్టండి, కట్ట కడతారు” అంది ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి.

“ఎవరి మాట అది?” అంది పెద్దమ్మ, బొగ్గుల పెట్టె పైకెత్తి.

“నా మాట.”

పెద్దమ్మ ఆవిడ కళ్ళలోకి ఒకసారి చూసింది. పెట్టె పక్కన పెట్టి, లోపలికెళ్ళి చీరల మడతల్లోంచి నోట్లు తెచ్చింది. ఆ తర్వాత గుమ్మంలోకొచ్చి వీధికంతా వినపడేలా అరిచింది: “ఒసే, అందరూ కట్టండే! ఈవిడ మాటిచ్చింది. తప్పిందా, ఈవిడ చీరలు జన్మలో ఇస్త్రీ చెయ్యను!” వీధంతా నవ్వింది. కొందరు చేబదులు తెచ్చి మరీ కట్టారు. ఊళ్ళో మేడలవాళ్ళకంటే ముందు ఆ వీధి బాకీ తీరిపోయింది. ఆ రోజు పళ్ళ డాక్టరు ఇంటికి వెళ్తూ తనలో తనే పాట పాడుకుంది.

గ్రాంటు రాలేదు. ఒక నెల జీతాలు ఆగాయి, రెండో నెల ఆగాయి. మూడో నెలలో ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు తెచ్చి బోర్డు గుమ్మంలో కుప్ప పోశారు. బజారంతా చెత్త పేరుకుని ముక్కు మూసుకుంటే తప్ప నడవలేని పరిస్థితి. బోర్డు మీటింగు పెట్టి కట్ట డబ్బు జీతాలకి మళ్ళించింది. దీన్లో దొంగతనం లేదు, దాపరికం లేదు. ఊడ్చేవాళ్ళ ఇళ్ళలో పొయ్యిలు వెలిగాయి. పళ్ళ డాక్టరు ఇంట్లోనూ వెలిగింది. కూతురి కాలేజీ ఫీజు ఆ జీతంలోంచే కట్టింది.

“వచ్చే బడ్జెట్లో మొట్టమొదటి పద్దు కట్టదే” అన్నాడు లెక్కల బాబాయి.

కొన్నాళ్ళు ఆవిడ కట్టకింద వీధి వైపు వెళ్ళడం మానేసింది. ఒకరోజు బజార్లో పెద్దమ్మే ఎదురైంది, నెత్తిమీద బట్టల మూటతో.

“ఏమ్మా, కట్ట?”

“వచ్చే ఏడు, పెద్దమ్మా.”

“సరేలే. కట్టెక్కడికి పోతుంది” అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ వానాకాలం కట్ట పోయింది. మధ్యాహ్నం వేళ, జనం మెలకువగా ఉండగానే తెగింది. వీధివాళ్ళందరూ పిల్లల్ని చంకనేసుకుని మెరకకి పరుగెత్తారు. పెద్దమ్మ కూడా మొగుణ్ణి నడిపించుకుంటూ బయటపడింది. ఆయన ఒకప్పుడు మిల్లు దగ్గర కాపలా కాసినవాడు, చెవులు సరిగా వినపడవు. ఆయన్ని గట్టున కూర్చోబెట్టి, “ఊళ్ళోవాళ్ళ బట్టలున్నాయయ్యా లోపల, రేపు వాళ్ళకేం చెప్పను” అని వెనక్కి వెళ్ళింది. ఆయనకి ఆ మాట వినపడలేదు. ఎక్కడికి వెళ్తోందో తెలుసుకునేలోపే గోడ పెద్దమ్మ మీద పడిపోయింది.

నీళ్ళు తీశాక వీధిలో నిలబడ్డ గోడ ఒక్కటీ లేదు. బోర్డు శిథిలాలు ఎత్తించి నేల చదును చేయించింది. ఇళ్ళు పోయినవాళ్ళకి ఊరి రెండో చివర, మెట్ట మీద జాగాలిచ్చింది. కట్టకింద ఇంక మట్టి మాత్రమే మిగిలింది.

ఆ ఖాళీ నేలకి అడ్డంగా నడిస్తే పళ్ళ డాక్టరు ఇంటి నుంచి ఆఫీసు దగ్గర. అందరూ అలాగే నడిచేవారు. ఆవిడా నడిచింది. ఒకరోజు కూతురు వెంట ఉంది.

“తిన్నగా రావొచ్చుగా అమ్మా! ఆ వంకర్లెందుకు?”

“గోడ” అంది ఆవిడ.

అన్నాక ఆగిపోయింది. ఎదురుగా గోడ లేదు. కానీ అక్కడ సంచులు కుట్టేవాళ్ళ పడమటి గోడ ఉండేది. దాని పక్కన సందు, సందు దాటాక నీళ్ళ తొట్టి. తన కాళ్ళు తనకి చెప్పకుండానే సందులోంచి వచ్చి, తొట్టిని తప్పించుకుని నడిచాయి. గుమ్మం దగ్గర తల దానంతటదే కాస్త వంగింది. కూతురు తల్లి మొహం చూసింది. చెయ్యి పట్టుకుంది.

అప్పట్నుంచీ అంతే. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళినా ఆ వీధి ఆవిడ్ని వదల్లేదు. కౌంటర్లో కూర్చుని ఉంటే ఎక్కడినుంచో నీళ్ళు చిలకరించిన గుడ్డ మీద వేడి ఇనుము ఆనిన వాసన వచ్చేది. ఎవరింట్లోనో టేపు పట్టుకుని నిలబడితే రెండో కొస ఎవరో మెల్లగా లాగినట్టుండేది. వెనక నుంచి “ఏమ్మా, కట్ట?” అని వినపడేది. కోపంగా కాదు, మామూలుగా, బజార్లో అడిగినట్టే. కోప్పడితే బాగుండుననిపించేది ఆవిడకి.

అత్తగారు ఒకరోజు దగ్గర కూర్చోబెట్టుకుంది. “వాన నువ్వు కురిపించావా? డబ్బు నువ్వు మళ్ళించావా? ఎందుకే అలా చిక్కిపోతున్నావు?”

“మాట నేనిచ్చాను కదత్తయ్యా.”

ముసలావిడ లేచి వెళ్ళి కంచంలో అన్నం కలిపి తెచ్చింది.

మళ్ళీ పన్నుల కాలం వచ్చింది. కౌంటరు తెరిచిన మొదటి వారంలోనే పెద్దమ్మ మొగుడు, కాపలా తాత, వచ్చాడు. ఉతికిన చొక్కా, ఇస్త్రీ లేదు. ముడతలన్నీ అలాగే ఉన్నాయి. ఆవిడ చూపు ముందు ఆ చొక్కా మీదే పడింది.

“ఇంటి పన్నమ్మా” అని డబ్బు కౌంటరు మీద పెట్టాడు.

“ఏ ఇంటికి తాతా? మెట్ట మీద జాగాకి ఈ ఏడు పన్ను లేదు.”

“ఆ ఇంటికి కాదు. మా ఇంటికి.”

ఆవిడ గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. “ఆ ఇల్లు ఇప్పుడు లేదు కదా తాతా. లేని ఇంటికి పన్ను తీసుకోం.”

“తెలుసమ్మా. చెవుడేగానీ గుడ్డివాణ్ణి కాదు.” ఆయన ముందుకి వంగాడు. “పోయినేడు కట్టిన డబ్బు జీతాలకి పోయిందట కదా. తప్పేముంది, మీకూ పొట్టలున్నాయి. అందుకే కదా ఇంకోసారి తెచ్చాను. పన్ను కడితే కట్ట కడతారన్నారు. నేను కడతాను. మీరు కట్టండి.”

వెనక వరసలో ఎవరో నవ్వబోయి మానేశారు. లెక్కల బాబాయి తన బల్ల దగ్గర కలం కిందపెట్టి తలొంచుకున్నాడు. పళ్ళ డాక్టరు డబ్బు తీసుకోలేదు, వెనక్కీ తొయ్యలేదు. కౌంటరు తలుపు మూసి బయటికొచ్చి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆ వేడి ఇనుము వాసన మళ్ళీ వచ్చింది. ఆయన కూడా ఒకసారి ముక్కు ఎగబీల్చడం ఆవిడ చూసింది. అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

“తాతా, రేపు బడ్జెట్టు మీటింగు. ఊళ్ళోవాళ్ళెవరైనా రావొచ్చు. వస్తారా? ఈ మాటే అక్కడ చెప్పండి.”

బడ్జెట్టు మీటింగుకి ఊళ్ళోవాళ్ళు రావొచ్చన్న సంగతే ఊళ్ళో ఎవరికీ తెలియదు. హాల్లో కుర్చీలన్నీ ఖాళీ. చైర్మను బట్టల కొట్టాయన, చెడ్డవాడు కాదు, లెక్క తెలిసినవాడు. కట్టకింద నేలలో షాపులు కట్టి అద్దెకిద్దామన్నాడు. “ఊరికి ఆదాయం వస్తుంది. కట్టంటారా, ఇప్పుడక్కడ ఉన్నదెవరు?”

కాపలా తాత ఖాళీ కుర్చీల మధ్యలోంచి లేచాడు. తనకి వినపడదు కాబట్టి హాలంతా మోగేలా మాట్లాడాడు. “మా ఆవిడ ఉందయ్యా.”

చైర్మను కాగితాల మీంచి తలెత్తాడు.

“ఊళ్ళోవాళ్ళ బట్టలకోసం వెళ్ళింది. ఆ బట్టల్లో తమరివీ ఉన్నాయి. కట్ట కట్టండి. డబ్బు నేను తెచ్చాను.” చొక్కా జేబులోంచి తీసి, చైర్మను ముందు పెట్టాడు.

అప్పుడు లెక్కల బాబాయి లేచాడు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆయన మీటింగులో అడిగితే తప్ప నోరు తెరిచిన మనిషి కాదు. “కట్ట పన్నని విడిగా వెయ్యండి. ఊళ్ళో ప్రతి ఇంటికీ. దాన్ని వేరే ఖాతాలో పెట్టండి. జీతాలు ఆగినా సరే, అందులోంచి తియ్యకూడదని రాయండి. నేనే వచ్చి కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకండి.”

ఆ పూట వాదనలు చాలానే జరిగాయి. చివరికి సగం మనసుతోనే ఒప్పుకున్నారు.

కట్ట పన్ను వసూలు చెయ్యాల్సింది మళ్ళీ పళ్ళ డాక్టరే. మెట్ట మీద మేడలవాళ్ళు మండిపడ్డారు. “మా గడపలోకి నీళ్ళొచ్చే రోజుకి ఈ ఊరే ఉండదు. మాకెందుకు కట్ట?” ఒకావిడ మొహం మీదే తలుపేసింది. పళ్ళ డాక్టరు హాస్యాలాడడం ఎప్పుడో మానేసింది. తలుపు తెరిచేదాకా గుమ్మంలో నిలబడేది. “ఇవాళ కుదరకపోతే రేపొస్తానండీ” అనేది. మాట మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కట్ట ఎప్పుడు కడతారని అడిగినవాళ్ళకి “డబ్బు పోగవుతోంది” అని మాత్రం చెప్పేది. రేపొస్తానంటే నిజంగానే వచ్చేది. ఆ నిలబడే తీరు చూసి జడుసుకుని కట్టినవాళ్ళూ ఉన్నారు. “ఆవిడ వెనక ఇంకెవరో ఉన్నట్టుంటుందండీ” అన్నాడు ఒక షాపతను, నవ్వకుండా.

డబ్బు పోగవడానికి రెండేళ్ళు పట్టింది. కట్ట పని మొదలైన రోజుల్లో కాపలా తాత పొద్దున్నే వచ్చి గట్టున కూర్చునేవాడు. మట్టి పోసేవాళ్ళకి తన చిన్నప్పటి కట్టల సంగతులు గట్టిగా అరుస్తూ చెప్పేవాడు. రాళ్ళు పేర్చడం పూర్తికాకముందే, చలికాలంలో, నిద్రలోనే పోయాడు. ఆయన్ని మోసినవాళ్ళలో లెక్కల బాబాయి ఒకడు.

ఆ తర్వాతి వానలకి కాలవ నిండుగా వచ్చింది. పళ్ళ డాక్టరు గొడుగేసుకుని పట్టపగలే వెళ్ళి కట్ట మీద నిలబడింది. ఎర్రటి నీళ్ళు రాళ్ళని ఒరుసుకుంటూ, సుళ్ళు తిరుగుతూ పోతున్నాయి. కట్ట చెక్కుచెదరలేదు. ఇవతలి వైపు వాన పడుతున్న ఖాళీ నేల. ఎవరూ లేరు. అయినా ఆవిడకి గుమ్మం గుమ్మంలోనూ మనుషులు నిలబడి తన కేసి, నీళ్ళ కేసి మార్చి మార్చి చూస్తున్నట్టే ఉంది. “వచ్చింది పెద్దమ్మా, కట్ట” అంది పైకే. జవాబు కోసం నిలబడింది. వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వినపడకపోవడం ఇంకా భరించలేనట్టుగా ఉంది.

ఎండాకాలంలో ఒక కొత్త జంట కౌంటరు దగ్గరికొచ్చారు. అతను పంక్చర్లు వేస్తాడు, ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. కట్టకింద బోర్డు జాగా చౌకగా ఇస్తున్నారని విన్నారట.

“అక్కా, అక్కడ ఇల్లు కట్టుకోవచ్చా?” అంది ఆ అమ్మాయి. “నీళ్ళు రావు కదా?”

పళ్ళ డాక్టరు నోరు తెరిచింది. ఊళ్ళో అందరికీ తెలిసిన జవాబే అది. కట్ట గట్టిది, మొన్నటి వరదకి ఆగింది, తను కళ్ళారా చూసింది. అయినా ఆ మాట నాలిక మీదికి రాలేదు.

“నేను చెప్పను తల్లీ” అంది చివరికి. గొడుగు తీసుకుని కౌంటరు దాటి బయటికొచ్చింది. “ఎండ తగ్గనీ, తీసుకెళ్ళి చూపిస్తా. కట్ట ఎక్కి రెండు వైపులా మీ కళ్ళతో మీరే చూసుకోండి. ఈలోపు కూర్చో, మంచినీళ్ళు తెస్తాను.”