పదకొండు నిమిషాల కోత

మధ్యాహ్నం రెండున్నర. మబ్బు పట్టి ఉంది గానీ చినుకు రాలడం లేదు. గాలి లేక చొక్కా వీపుకి అట్టకట్టింది. పొద్దున తాగిన టీ తప్ప హమాలీ కడుపులో ఏమీ పడలేదు. సరిగ్గా భోజనం వేళకే సిమెంటు లారీ వచ్చి గోడౌను ముందు ఆగింది, అది ఖాళీ అయ్యేసరికి ఇదిగో ఈ వేళ అయింది. పేగులు గోల చేస్తున్నాయి. అయినా క్యారియరు మూత తియ్యకుండానే చంకలో పెట్టుకుని పార్సిలాఫీసుకి నడిచాడు.

పాత సినిమా హాలు ఆపరేటరు పొద్దున్నే గోడౌను గేటు దాకా వచ్చి చెప్పి వెళ్ళాడు మరి. "అబ్బాయ్, వచ్చేసిందట. నీ చేతుల మీదుగానే నా గదికి రావాలి. ఇంకొకడు ముట్టుకున్నాడంటే నా గుండె ఆగిపోతుంది."

తీరా చూస్తే అది పలచటి అట్టపెట్టె. భోజనం పళ్ళేలు రెండు లోపల పెట్టి కట్టినట్టుంది. యాభై కిలోల బస్తా భుజాన వేసుకుని లారీకి వేసిన చెక్క మీద పరిగెత్తే మనిషి, ఆ పెట్టెని రెండు చేతుల్లో పట్టుకుని పురిటి బిడ్డని తెస్తున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. ఆపరేటరు ఉండే మేడ మెట్ల కింద కుట్టుమిషను ముందు కూర్చున్న టైలరు తలెత్తాడు.

"ఏంటోయ్, ఇవాళ బస్తా బాగా చిక్కిపోయినట్టుంది?"

"నువ్వు పక్కకి జరుగు. మోచెయ్యి తగిలిందంటే నీ మిషనుతోనే నిన్ను కుట్టేస్తా."

"కోతలాయనకేనా? ఈసారైనా ఉందా ఆ సీను, లేకపోతే అదీ కోతేనా?"

హమాలీ పెట్టెని గుండెకి ఆనించుకున్నాడు. మూడంతస్తులూ ఎక్కాడు.

ఆపరేటరుకి ఆ పేరు పడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు సిమెంటు బస్తాలు పేరుస్తున్న గోడౌను ఒకప్పుడు సినిమా హాలు. ఇరవై ఆరేళ్ళు అందులో ఆయనే బొమ్మ వేశాడు. హాలు మూసేశాక, ఎవరు దొరికితే వాళ్ళకి ఒక పాత సినిమా గురించి చెప్పేవాడు. అందులో వడ్రంగి కూతురు తండ్రిని పూడ్చిపెట్టి ఇంటికొచ్చి, ఆయన పనిముట్ల పెట్టె తెరుస్తుంది. పదకొండు నిమిషాల పాటు ఒక్క మాట ఉండదు, పాట ఉండదు. ఒక్కొక్క పనిముట్టూ తీసి, తుడిచి, మళ్ళీ పెడుతుంది. అంతే. ఆ సినిమా టీవీలో వచ్చింది, క్యాసెట్టులో వచ్చింది, ఎందులోనూ ఆ సీను లేదు. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంటుంది, మరుక్షణం రైల్వే ప్లాట్‌ఫారం మీద ఉంటుంది. "ముసలాయన కోతలు కోస్తున్నాడు" అన్నారు జనం. అలా కోతలాయన అయ్యాడు.

నమ్మింది టీచరమ్మ ఒక్కతే. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, సినిమాలంటే ప్రాణం. భోజనం పళ్ళెమంత ఉండే పాత లేజర్ డిస్కులు ఎక్కడ దొరికినా తెప్పించి, వాటిలోని సినిమాని డీవీడీల్లోకి ఎక్కించి, తనలాంటి పిచ్చివాళ్ళకి ఊరూరికీ పోస్టులో పంపిస్తుంది. ఆ డిస్కులు రెండు పొరలు అతికించి చేసినవి, లోపల్లోపల కుళ్ళిపోతున్నాయి. వాటిని ఆడించే యంత్రాలు ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు. ఉన్నవి చచ్చేలోగా ఎన్ని సినిమాలు గట్టెక్కిస్తే అన్ని. ఆ పని జరిగేది ఆపరేటరు గదిలోనే. మంచం ఒకటి, టీవీ ఒకటి, మూత ఊడదీసిన డిస్కు యంత్రం, డీవీడీ రికార్డరు, టేబుల్ ఫ్యాను. ఫ్యాను మనుషులకి కాదు, యంత్రానికి.

హమాలీ ఆ యంత్రాన్ని మోసుకుంటూ మొదటిసారి ఆ గది మెట్లెక్కాడు. దించి వెళ్ళిపోవాల్సింది, సినిమా అయిపోయేదాకా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత వారానికి రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. భార్య ఒకసారి అడిగింది కూడా, "మూటలు మోసింది చాలక అక్కడ కూడా మోస్తున్నావా?" అని. "కాదే, అక్కడ కూర్చుంటే నడుం నొప్పి తెలీదు" అన్నాడు. ఆమెకి అర్థమయిందో లేదో గానీ మళ్ళీ అడగలేదు. మెల్లగా డిస్కులు తుడిచే పని అతనికొచ్చింది. ఆపరేటరు చేతులు వణుకుతాయి, టీచరమ్మకి కళ్ళు ఆనవు. మెత్తటి గుడ్డ తడిపి, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. అతని చేతులు మోటువే, తుడుపు మాత్రం పువ్వు తుడిచినట్టుంటుంది.

ఇప్పుడు గదిలోకి అడుగు పెట్టేసరికి ఇద్దరూ లేచి నిలబడే ఉన్నారు.

"తిన్నావా?" అంది టీచరమ్మ.

"తర్వాత తింటాలెండి. ముందు విప్పండి."

పెట్టెలో రెండు డిస్కులు. పరాయి దేశంలో ఎప్పుడో, కోత పడని ప్రింటు నుంచి చేసినవట. నాలుగు వైపుల్లో సినిమా ఉన్నది మూడింట్లోనే, నాలుగోది ఖాళీ. ఆపరేటరు మొదటి డిస్కుని కన్నెత్తి చూడలేదు.

"ముందు మూడో వైపు వెయ్యాలి. సీను అందులోనే ఉంటుంది."

"వరసలో వద్దామన్నయ్యా."

"వరసంటూ కూర్చుంటే నేను మొదటి వైపు మధ్యలోనే పోతాను చెల్లెమ్మా."

రెండో డిస్కు అంచు దగ్గర పొర కొంచెం విచ్చుకుంది. ఆపరేటరు వేలితో తడిమి చూసి, ఎప్పుడూ చెప్పని మాట చెప్పాడు. "అబ్బాయ్, రెండు వైపులా తుడవకు. తడి లోపలికి దిగుతుంది. మూడో వైపు ఒక్కటే తుడు, ఖాళీ వైపు ముట్టుకోకు." సరేనన్నాడు హమాలీ. మధ్యలో మూడు అని అచ్చేసి ఉన్న వైపు అద్దంలా తుడిచి ఇచ్చాడు.

యంత్రం గుయ్యిమంది. రికార్డరు మీద ఎర్ర దీపం వెలిగింది. ఇరవై మూడు నిమిషాలు ముగ్గురూ కదల్లేదు. తర్వాత వడ్రంగి కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది, తల తిప్పి లోపలికి చూసింది. ఒక అడుగు వేసింది.

అడుగు వేసి అక్కడే ఇరుక్కుపోయింది. బొమ్మ టకటకా కొట్టుకుంది, గీతలు వచ్చాయి, ఒక్క గెంతు గెంతి రైల్వే ప్లాట్‌ఫారం మీద తేలింది.

టీచరమ్మ నెత్తి పట్టుకుంది. "ఇందులోనూ కోసేశారా? ఆ కోసినవాడెవడో గానీ, వాడు దొరికితే..."

"కోత కాదది" అన్నాడు ఆపరేటరు. "కోస్తే అతుకు దగ్గర బొమ్మ ఒక్కసారి ఎగిరిపడి పోతుంది. ఇది ఇరుక్కుంది. సీను ఉంది. ఎక్కడో మురికి ఉంది. తుడు."

మళ్ళీ తుడిచాడు. మళ్ళీ అక్కడే ఇరుక్కుంది. మూడోసారి వెలుతుర్లో పట్టుకుని వెతికి వెతికి తుడిచాడు, మచ్చన్నది కనపడలేదు. మూడోసారీ ప్లాట్‌ఫారమే. "కుళ్ళు లోపలికి పోయినట్టుంది" అని టీచరమ్మ గొంతు తగ్గించి, టీ చెప్పొస్తానని కిందికి వెళ్ళింది.

ఆపరేటరు మంచం మీద కూలబడ్డాడు. ఫ్యాను వైపు తిరిగి అన్నాడు, "అబ్బాయ్, అది కోసింది నేనే."

హమాలీ చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు.

"నాకప్పుడు ఇరవై రెండు. రోజుకి నాలుగో ఆట పడాలంటే పదకొండు నిమిషాలు తియ్యమన్నాడు హాలు ఓనరు. ఏమీ జరగని సీను అదొక్కటే కదా, కోసేశాను. అది అందరూ చేసేదే. కోసిన ముక్క డబ్బాలో పెట్టి, ప్రింటు తిరిగి పంపే రోజు మళ్ళీ అతికించి పంపాలి. ఆ రోజు కొత్త సినిమా దిగింది. ఆ సంబరంలో మర్చిపోయాను. ఈ దేశంలో మిగతా ప్రింట్లన్నీ అరిగిపోయాయి, అసలు నెగెటివు తడిసి పాడయింది. మంచిగా మిగిలింది నేను పంపిన ప్రింటు ఒక్కటే. టీవీకి, క్యాసెట్లకి అన్నీ దాంట్లోంచే తీశారు."

"ఆ ముక్క ఏమయింది బాబాయ్?"

"నెల తర్వాత గుర్తొచ్చి పంపాను, చిరునామా మారిందని తిరిగొచ్చింది. ఆ తర్వాత డబ్బాలోనే జిగురైపోయింది. నలభై ఆరేళ్ళుగా లోకమంతా నేను కోసిన సినిమానే చూస్తోంది. టీచరమ్మకి చెప్పాలి. ఇది దొరికిన రోజున అందరి ముందూ చెబుతాను. నువ్వు చెప్పకు."

 ఏదీ తోచనప్పుడు హమాలీ బరువు చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాడు. లారీలో బస్తా మొండికేస్తే కిందికి వంగి చూడటం అతని అలవాటు, తడి గానీ మేకు గానీ ఉంటే కిందే ఉంటుంది. ఇప్పుడూ వంగి, మూత లేని యంత్రంలోకి చూశాడు. లోపల డిస్కుని చదివే గాజు కన్ను మెరుస్తోంది.

"బాబాయ్, ఈ కన్ను ఎటు చూస్తుంది?"

"పైకి."

"డిస్కు పెట్టినప్పుడు మూడు అని రాసింది ఎటుంటుంది?"

"పైకే. అది పైకుంటేనే కదా మూడో వైపు..." ఆపరేటరు మాట మధ్యలో ఆగిపోయాడు.

"మరి నేను ఇందాకట్నుంచీ తుడుస్తోంది కన్ను చూడని వైపు."

టీ గ్లాసులతో అప్పుడే గుమ్మంలోకి వచ్చిన టీచరమ్మ అక్కడే నిలబడి రెండు సెకన్లు లెక్క వేసుకుంది. "రాసింది పైన, సినిమా కింద. ఇన్నేళ్ళూ రెండు వైపులా తుడిచి బతికిపోయాం. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పానా, ఒక్క పలక తిరగేసి చూడలేకపోయాను" అని పగలబడి నవ్వింది.

డిస్కు తిరగేశారు. నాలుగు అని రాసి ఉన్న వైపు, వేలెడు పొడుగున గోధుమరంగు జిగురు. ఎవరో అది ఖాళీ వైపే కదా అని టేపు అంటించి, పీకేశారు. హమాలీ నీళ్ళు వాడలేదు. బొటనవేలి మెత్త దాని మీద ఆనించి, కొంచెం కొంచెంగా ఉండ చేసి లేపాడు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఆపరేటరు అతని మోకాలు పట్టుకునే కూర్చున్నాడు.

నాలుగోసారి వేశారు. గుమ్మం. తల తిప్పింది. అడుగు వేసింది. రెండో అడుగు వేసింది.

 అమ్మాయి పెట్టె ముందు కూర్చుంది. ఆపరేటరు గుసగుసగా, బొమ్మ కంటే ముందే చెబుతున్నాడు. "ఇప్పుడు రంపం తీస్తుంది." తీసింది. "పళ్ళ మీద వేలు పెట్టి చూస్తుంది." చూసింది. "ఉలి. పిడికి తాడు చుట్టి ఉంటుంది." ఉంది. టీచరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, అంతా డీవీడీలోకి ఎక్కుతూనే ఉంది.

"ఇక చివర్లో ఏడుస్తుంది" అన్నాడు ఆపరేటరు.

అమ్మాయి పెట్టె అడుగున చేత్తో కెలికి, తండ్రి సగం కొరికి దాచిన బిస్కెట్టు బయటికి తీసింది. దాన్ని చూసి కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే పెట్టె మూసింది.

 ఆపరేటరు గడ్డం మీదికి కన్నీళ్ళు దిగాయి. "నలభై ఆరేళ్ళు ఆ పిల్లని ఊరికే ఏడిపించాను" అన్నాడు, అని తనే గట్టిగా నవ్వాడు.

అప్పుడు గుర్తొచ్చింది హమాలీకి ఆకలి. చల్లారిన క్యారియరు ముగ్గురూ పంచుకుని తిన్నారు.

తర్వాత పదిహేను రోజులు గది అంతా హడావిడే. మిగతా వైపులూ ఎక్కించారు, కాపీలు తీశారు, టీచరమ్మ అట్టలు కత్తిరించి కవర్లు చేసింది, హమాలీ పోస్టాఫీసుకి మోశాడు. ఊళ్ళ నుంచి ఫోన్లే ఫోన్లు. కోతలాయన అని వెక్కిరించిన వాళ్ళే "పెద్దాయనకి మా నమస్కారం చెప్పండి" అంటున్నారు. ఆదివారం పదకొండింటికి బడి హాల్లో ఆట పెట్టారు. ఆపరేటరు మాట్లాడాలని టీచరమ్మ పట్టుబట్టింది. ఆయన సరేనన్నాడు. ముందు రోజు హమాలీని పక్కకి పిలిచి, "రేపు చెప్పేస్తా" అన్నాడు.

ఆదివారం నూటపాతిక కుర్చీలూ నిండాయి. టైలరు కూడా పిల్లాపాపలతో వచ్చాడు. టీచరమ్మ మైకు పట్టుకుని, "ఎవడో బుద్ధిలేనివాడు కోసి పారేసిన పదకొండు నిమిషాలు, ఈ అన్నయ్య పట్టుదల వల్ల మళ్ళీ మన కళ్ళముందుకొచ్చాయి. ఆట అయ్యాక ఆయనే మాట్లాడతారు" అంది. చప్పట్లు మోగాయి. చివరి వరసలో ఆపరేటరు తల వంచుకున్నాడు. పక్కనే ఉన్న హమాలీ ఆయన చెయ్యి నొక్కాడు. చెయ్యి వణకడం లేదు.

సీను వచ్చింది. రంపం, ఉలి, బిస్కెట్టు. అమ్మాయి నవ్వగానే హాలు హాలంతా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. హమాలీ కూడా తుడుచుకుని పక్కకి తిరిగాడు. కుర్చీ ఖాళీ.

బయటికి పరిగెత్తాడు. వరండాలో లేడు, గేటు దగ్గర లేడు. గది దాకా ఉరికాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది, యంత్రం మీద దుప్పటి కప్పి ఉంది, కొక్కేనికి ఉండే చొక్కాలు రెండూ లేవు. వెనక్కి వచ్చేసరికి ఆట అయిపోయింది, జనం మెట్ల మీద గుంపుగా నిలబడి ఆయన కోసం చూస్తున్నారు.

"ఎక్కడికెళ్ళాడు? నీకేమైనా చెప్పాడా?" అంది టీచరమ్మ.

హమాలీ ఆయాసపడుతూ ఆమె మొహంలోకి చూశాడు. చెప్పమంటే చెప్పగలడు, ఇప్పుడే చెప్పగలడు. కానీ అది తను చెప్పాల్సింది కాదు.

"వెళ్తున్నానని చెప్పలేదమ్మా" అన్నాడు.

వేరుశనక్కాయల బండివాడు అటుగా వచ్చి, మీరు వెతికే ముసలాయన అరగంట క్రితం బస్టాండు వైపు వెళ్ళాడని చెప్పాడు. చేతిలో చిన్న సంచీ ఉందట. కుర్రాడిలా చకచకా నడుస్తున్నాడట, "అతికించి పంపేశాను" అని తనలో తను అనుకుంటూ నవ్వుతున్నాడట. పిలిచినా వెనక్కి తిరగలేదట.