సుల్తాన్ తర్వాత పింకీ

అడవిలోని మా పోలీసు క్యాంపుకు చేరింది జనవరిలో, మధ్యాహ్నం మూడున్నరకు. భద్రాచలం దాటాక నలభై కిలోమీటర్లు. అందులో తారు రోడ్డు ఇరవై ఎనిమిది, మిగతాది ఎర్రమట్టి. మూడు వరసల ముళ్ళకంచె, నాలుగు మూలలా ఇసుక బస్తాల మోర్చాలు, మధ్యలో రేకుల షెడ్లు. లారీ దిగినప్పుడు నా వీపున ఇరవై కిలోల సామాను, చేతిలో పట్టా, పట్టా చివర సుల్తాన్. నల్ల లాబ్రడార్, నాలుగేళ్ళవాడు. మందుపాతరల వాసన పట్టడం వాడి పని. వాడి ముక్కు ఏం చెబుతోందో అర్థం చేసుకోవడం నా పని.

మాది వేంసూరు. నేను తుపాకీ పట్టుకుని అడవుల్లో పరుగులు తీశానని మా ఊళ్ళో చాలామంది అనుకుంటారు. నిజానికి నా సర్వీసులో ఎక్కువ భాగం కుక్క వెనకాల నడిచాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నా ముందు కుక్క, నా వెనక ముప్పై మంది. ఆ వరసలో రెండో స్థానం అందరికీ దొరకదు.

ఉదయం ఐదున్నరకు గేటు తీస్తారు. బండ్లు కదలకముందు మేం రోడ్డంతా నడిచి చూడాలి. దీన్ని రోడ్డు తెరవడం అంటాం. తెరవని రోడ్డు మీద బండి వెళ్ళకూడదు. ఆ ఆర్డర్‌కు మినహాయింపు లేదు. నేను చేత్తో చోటు చూపించి, వాసన చూడమని "సూంఘ్" అంటాను. కల్వర్టు, గుంత, కొత్తగా తవ్విన మట్టి, ఏదైనా సరే సుల్తాన్ వెళ్ళి చూసేవాడు. దొరికితే అక్కడే కూర్చుని, మెడ తిప్పి నా వైపు చూసేవాడు. మూడు నెలల్లో రెండుసార్లు అలా కూర్చున్నాడు. రెండుసార్లూ మట్టి కింద మందుపాతర ఉంది.

ఏప్రిల్‌లో ఒకరోజు, ఆరూ పదికి, నాలుగో కిలోమీటరు దగ్గర ఉన్నాం. ఇప్పచెట్ల కింద ఎండుటాకులు ఒక చోట కుప్పపడి ఉన్నాయి. చూపించాను. సుల్తాన్ ముక్కు పెట్టాడు. కుయ్యిమని ఒక్క గెంతు వెనక్కి వేశాడు. ఆకుల్లోంచి రక్తపింజర జారిపోవడం నేనూ చూశాను, నా వెనకున్న రేడియో ఆపరేటరూ చూశాడు.

ఆపరేటర్‌ది టేకులపల్లి. సెట్ అందుకుని క్యాంపుకు చెప్పాడు.

"సార్, సుల్తాన్‌ను పాము కరిచింది. భద్రాచలం దవాఖానకు పోవాలె. జల్దీ బండి పంపుండ్రి."

అటువైపు మా ప్లటూన్ కమాండర్. "రోడ్డు తెరవలే గదా, బండెట్ల పంపుత? మోటర్ సైకిల్ ఇస్త. పొలాల మీదికెల్లి పోండ్రి."

ఆయన్ని తప్పుపట్టను. తెరవని రోడ్డు మీదికి డ్రైవర్‌ను ఎలా పంపుతాడు? ఆ రోడ్డు తెరవాల్సిన ముక్కు నా చేతుల్లో వాచిపోతోంది. సుల్తాన్‌ను తువ్వాలుతో ఛాతీకి కట్టుకున్నాను. ఆపరేటర్ బండి నడిపాడు. గట్ల మీద, ఎండిన వాగుల్లో పోనిచ్చాడు. మధ్యమధ్యలో "అన్నా, ఉన్నడా?" అని అడుగుతూనే ఉన్నాడు. "ఉన్నడు, పోనియ్" అన్నాను. భద్రాచలం ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా మళ్ళీ అడిగాడు. ఇక ఆగమని అతని భుజం తట్టాను. బండి ఆపేశాడు.

సుల్తాన్‌ను క్యాంపులోనే పాతిపెట్టాం. ప్లటూన్ మొత్తం వరసకట్టి సెల్యూట్ చేసింది. నేను అందరి ముందే ఏడ్చాను. ఎవరూ నవ్వలేదు. ఏడుపు రెండు రోజుల్లో తగ్గింది కానీ నా కుడిచెయ్యి మాత్రం నన్ను వదల్లేదు. నేను చూపించాను గనకే వాడు అక్కడ ముక్కు పెట్టాడు.

వారం తర్వాత కమాండర్ పిలిచాడు. "ఇంకో కుక్క కోసం రాయాల్నా?"

"వద్దు సార్. నన్ను మామూలు డ్యూటీల ఎయ్యుండ్రి."

"ఏందయ్యా, గింత పని నేర్చినోడివి. రైఫిల్ పట్టుకొని మోర్చాల కూసుంటవా?"

"కూసుంట సార్."

అలాగే కూర్చున్నాను. కుక్క లేకుండా రోడ్డు తెరవడానికి నాలుగు గంటలు పట్టేది. ఇనుప వస్తువులను పసిగట్టే యంత్రాలు పట్టుకుని మావాళ్ళు అడుగడుగూ తడుముకుంటూ వెళ్ళేవారు. గేటు దాటేటప్పుడు మోర్చాలో ఉన్న నన్ను చూసేవారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించేది.

జూన్‌లో పింకీ వచ్చింది. బెల్జియం జాతి, గోధుమరంగు, నక్కలా సన్నగా ఉంది. ఆ పేరు ట్రైనింగ్ సెంటర్‌లో పెట్టింది, మా తప్పేం లేదు. "పింకీ మేడమొచ్చింది, లేచి నిలవడుండ్రి" అని వంటవాడు మెస్సులో అందరినీ నవ్వించాడు.

"కొత్త హ్యాండ్లర్ వచ్చేదాక పదిహేను దినాలు చూస్కో. నీది కాదనుకో" అన్నాడు కమాండర్. పింకీని తీసుకొచ్చిన పాత హ్యాండ్లర్‌కు వేరే చోటికి బదిలీ అయింది. వెళ్ళే ముందు నన్నూ ఆపరేటర్‌నూ బల్ల మీద కూర్చోబెట్టి, దాని అలవాట్లన్నీ గంటసేపు చెప్పాడు. నేను తలూపుతూ సుల్తాన్ ఖాళీ గూడు వైపు చూస్తున్నాను. ఒక్క మాటా బుర్రకెక్కలేదు.

కొత్త కుక్కతో కనీసం రెండు వారాలు క్యాంపులోనే సాధన చేయాలి. నేను ఒక్కరోజూ చేయలేదు. నాది కాని కుక్కతో నాకెందుకు అనుకున్నాను. ఆరో రోజు వాగు అవతలి ఊళ్ళో జ్వరాలని కబురొచ్చింది. డాక్టర్ల జీపు వెళ్ళాలి.

"కుక్క తయారేనా?" అని కమాండర్ అడిగాడు.

"తయారే సార్" అన్నాను. అది అబద్ధం.

ఆరూ నలభై. ఐదో కిలోమీటరు. రాత్రి కురిసిన వానకు మట్టి మెత్తబడి ఉంది. వాగు దగ్గర దారి మధ్యలో పింకీ ఉన్నట్టుండి పడుకుంది. ముందుకాళ్ళు చాపి, గడ్డం నేలకు ఆనించింది. కూర్చోలేదు, నా వైపు చూడలేదు. బద్ధకం అనుకున్నాను. పట్టా లాగాను. లేవలేదు. ఇంకోసారి గట్టిగా లాగితే మెడపట్టీ చెవుల దాకా జారింది. అది గోళ్ళు మట్టిలో దించి అలాగే బిగుసుకుంది. నాకు ఒళ్ళు మండింది. "సుల్తానైతే గిట్ల చేసునా?" అని పైకే అన్నాను. దాన్ని దాటి ముందుకెళ్ళి, అటునుంచి లాగుదామని కాలెత్తాను.

"అన్నా, కాలు దించకు!" ఆపరేటర్ అరిచాడు. "దొరికితే పండుకుంటదని పాత హ్యాండ్లర్ జెప్పలే? నువ్ గూడ తలూపితివి గదా!"

ఎత్తిన కాలు వెనక్కే తెచ్చి పెట్టాను. అందరం వెనక్కి వచ్చేశాం. మందుపాతరలు తీసే బృందం వచ్చి తవ్వింది. పింకీ గడ్డం పెట్టిన చోటికి మూరెడు ముందు, పేలుడు మందు కూరిన స్టీలు క్యాను దొరికింది. నా కాలు దిగాల్సింది సరిగ్గా అక్కడే.

పదకొండింటికి డాక్టర్ల జీపు వాగు దాటింది. నేను చెట్టు కింద పింకీ పక్కన కూలబడ్డాను. పట్టా పట్టుకున్నవాడు తప్పు చెప్పినా ఈ కుక్క తన మాట మీదే నిలబడింది. మరి సుల్తాన్? నేను వేలు చూపినంత మాత్రాన వాడు గుడ్డిగా వెళ్ళేవాడా? ఎన్నోసార్లు నేను చూపింది వదిలేసి, తనకు తోచిన చోటికి లాక్కెళ్ళాడు. ఆరోజు ఆ ఆకుల దగ్గరికి వాడు తన పని మీద వెళ్ళాడు. రెండు నెలలుగా వాడి పనిని నా తప్పుగా మార్చుకుని కూర్చున్నాను. మొదటిసారి సుల్తాన్‌ను తలుచుకుని నాకు గర్వంగా అనిపించింది.

సాయంత్రం కమాండర్ ముందు నిలబడి నా అబద్ధం ఒప్పుకున్నాను. వారం రోజుల అదనపు కాపలా శిక్ష వేశాడు. తర్వాత చెప్పాను.

"కొత్త హ్యాండ్లర్ కోసం రాయకుండ్రి సార్. పింకీ నాతోనే ఉంటది."

"మొన్ననే వద్దంటివి?"

"అప్పుడు నాకు తెల్వలే సార్."

శిక్ష అనుభవిస్తూనే రోజూ పొద్దున పింకీతో సాధన మొదలుపెట్టాను. దాని భాష మొదటి అక్షరం నుంచి నేర్చుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళు దాని వెనక నడిచాను. ఆ రెండేళ్ళలో మా రోడ్డు మీద ఒక్క మనిషి ప్రాణమూ పోలేదు. ఇది గొప్పలు చెప్పుకోవడమే, చెప్పుకుంటాను.

నా సర్వీసు అయిపోయింది. పింకీకి ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. పనిచేసే కుక్క తన హ్యాండ్లర్ పెట్టింది తప్ప తినదు. ఎవరైనా విషం పెడతారని అలా నేర్పుతాం. అందుకే మా క్యాంపులో ఒక పద్ధతి ఉండేది. హ్యాండ్లర్ మారేటప్పుడు కొత్తవాడు గిన్నె పెడతాడు. పాతవాడు పది అడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. పిలవకూడదు, సైగ చేయకూడదు. కుక్క తనంతట తాను తినాలి. అది తిన్నాకే పాతవాడికి ఇంటికి పోయే కాగితం ఇస్తారు.

కొత్త హ్యాండ్లర్‌ది వైరా. నలభై దగ్గరపడ్డ నెమ్మదస్తుడు. మూడు రోజులు పింకీ గిన్నె వైపు చూడలేదు. "అన్నా, ఇది నన్ను మనిషి లెక్కనే చూస్తలేదు" అని ఆయన దిగులుపడ్డాడు. పైకి ఆయనకు ధైర్యం చెప్పాను. లోపల మాత్రం తినొద్దని కోరుకున్నాను. మళ్ళీ నాకే భయం వేసేది. అది తినకపోతే ఆ ముప్పై మంది ముందు ఎవరు నడుస్తారు? నాలుగో రోజు పొద్దున ఏడింటికి తింది. మధ్యాహ్నానికి నా కాగితం చేతికొచ్చింది.

ఇప్పుడు వేంసూరులో మూడెకరాల పామాయిల్ తోట చూసుకుంటున్నాను. మొన్న మా ఆవిడ అడిగింది.

"కుక్క లేకపోతె నీకు ఏం తోస్తలేదు. ఒకదాన్ని తెచ్చుకుందామా? మళ్ళ అది పోతె ఏడుస్తవేమో."

"ఏడుస్త. తెచ్చుకుందాం" అన్నాను.

ఆమెకు వివరంగా చెప్పలేకపోయాను కానీ, ఆ నాలుగో రోజు పొద్దున నా కళ్ళ ముందు నుంచి పోలేదు. పింకీ నా దగ్గరికి వచ్చింది. నా బూట్లు రెండూ ఒకసారి వాసన చూసింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని అలాగే నిలబడ్డాను. అది వెనక్కి తిరిగి, తోక పైకెత్తి, కొత్త మనిషి పెట్టిన గిన్నె దగ్గరికి నడిచి వెళ్ళింది.