గేటత్త, మూడో తలుపు

ఊరందరికీ ఆమె గేటత్త. సొంత అత్తగారికి మాత్రం ముప్పై ఏళ్ళుగా "ఏమే", అంతే.

పల్లపు పేటలోని మురుగునూ వాననీటినీ మోసుకొచ్చే పెద్ద కాలువ సముద్రంలో కలిసేచోట మూడు ఇనుప తలుపులున్నాయి. ఆటుకి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు వాటిని ఎత్తి కాలువ నీళ్ళు బయటికి వదలాలి. పోటు తిరిగేలోపు దించెయ్యాలి, లేకపోతే సముద్రమే పేటలోకి వచ్చి తిష్ఠవేస్తుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యాలంటే మాత్రం ఒక్కో తలుపుకి అరవై చుట్లు చక్రం తిప్పాలి. ఆ పని చేసీ చేసీ గేటత్త భుజాలు ఎలా తయారయ్యాయంటే, పేటలో మగవాళ్ళు కూడా ఆమెతో మాట తూలడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ఆ ఉద్యోగం మొదట మామగారిది. ఆయన తర్వాత కొడుక్కి రావాల్సింది. ఆ కొడుకు మంచి దర్జీయే గానీ, గేటు మీదికెక్కి కింద నీళ్ళు చూశాడంటే కళ్ళు తిరుగుతాయి. ఇక లాభం లేదని మామగారు కోడల్ని వెంటబెట్టుకెళ్ళి పని నేర్పాడు. "చక్రాలు తిప్పడం ఆడవాళ్ళ పనా? నలుగురూ నవ్విపోతారు!" అని అత్తగారు ఆరోజు మూతి ముడుచుకుంది. ఆ ముడి ఇంతవరకూ విప్పలేదు.

ఆటుపోట్ల వేళలు ఆఫీసువాళ్ళు అచ్చేసి ఇస్తారు. గేటత్త దాన్ని గోడకి తగిలించుకుంటుంది, మర్యాద కోసం. నమ్మేది మాత్రం మొగుడి కొట్టులో మిగిలిన ఎర్రగుడ్డ పీలికల్ని. గుప్పెడు పీలికలు తలుపు దగ్గర నీళ్ళలోకి విసురుతుంది. అవి సముద్రంవైపు పరిగెడితే నిశ్చింత. నడక మందగించిందా, చక్రం పట్టుకోవాల్సిందే.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. ఆ రోజుకి ముందు రెండు రోజులుగా వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. కాలువ గట్టంచుదాకా నిండి ఉంది. పేట జనాన్ని పొద్దున్నే మెరక మీదున్న బడికి తరలించారు. అందరూ వెళ్ళారు, గేటత్త అత్తగారు తప్ప. మోకాళ్ళు అరిగి మంచం దిగలేని మనిషి, ఉండేది పేట మొత్తంలో అన్నిటికన్నా పల్లపు వీధిలో చివరి ఇంట్లో. జీపు రెండుసార్లు వచ్చి ఉత్త చేతులతో తిరిగిపోయింది.

"అమ్మ కదలనంటోంది. నేనేం చెయ్యను?" అని దర్జీ గట్టు మీద నిలబడి అరిచాడు.

"ఎత్తుకొచ్చెయ్యకపోయావా?"

"మంచం కోడు పట్టుకుని కూర్చుంది. కాపలా ఉంటానని పక్కింటి పిన్ని కూడా ఆగిపోయింది."

"మొండిఘటం!" అంది గేటత్త పళ్ళు కొరుకుతూ. అంది గానీ, ఇంకో గుప్పెడు పీలికలు నీళ్ళలోకి విసిరింది. ఇక్కడ తాను లెక్క తప్పితే నీళ్ళు మొదట ఎక్కేది ఆ మంచమే.

పదిగంటలకి కొత్త ఇంజినీరు ఫోన్ చేశాడు. "తలుపులన్నీ ఇప్పుడే దించెయ్యండమ్మా. ఉప్పెన వస్తుందంటున్నారు."

"ఇప్పుడు దించితే సముద్రం దాకా ఎందుకు సార్, ఈ వాననీళ్ళే పేటని ముంచేస్తాయి. ఆటు ఉన్నంతసేపూ పోనివ్వండి."

"అంటే పట్టికలో ఉన్నట్టు మూడున్నర దాకానా?"

"అంతసేపు ఉండదు. గాలి సముద్రాన్ని ఇటు తోస్తోంది. ముందే తిరుగుతుంది. నేను చూసుకుంటాగా."

కుర్చీలో కూర్చుని హుకుం జారీ చేసే రకం కాదతను. అది ఒప్పుకోవాలి. అరగంటలో తానే వచ్చి, తిరగబడ్డ గొడుగుతో కుస్తీపడుతూ గట్టు మీద నిలబడ్డాడు.

ఒంటిగంట దాటేసరికి పీలికల పరుగు కాస్తా నడకైంది. గేటత్త కొంగు బిగించి మొదటి చక్రం పట్టుకుంది. మొదటి తలుపు దిగింది. రెండోదీ దిగింది. మూడోది జానెడు ఎత్తులో కటక్కుమని ఆగిపోయింది. బలంకొద్దీ తిప్పినా కదల్లేదు. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన దుంగ కింద అడ్డంపడింది.

జానెడు సందు చాలు. ఉప్పెన రాత్రంతా అందులోంచి దూరితే చివరి వీధి మిగలదు.

గేటత్త చక్రాన్ని వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. తలుపు పైకి లేస్తోంది.

"ఏం చేస్తున్నారమ్మా! దించండి!" ఇంజినీరు గొంతు చించుకున్నాడు. బడి నుంచి వచ్చి గట్టు మీద చేరిన వాళ్ళంతా దించు, దించు అని కేకలు. ఆమె వినిపించుకోలేదు. మిగతా రెండూ మూసి ఉన్నాయి, కాలువ బలమంతా ఈ ఒక్క దారిలోనే ఉంది. సముద్రం తిరగడానికి ఇంకా కొన్ని నిమిషాల వ్యవధి ఉంది. దుంగని ఈ నీళ్ళే నెట్టాలి, ఇప్పుడే నెట్టాలి.

చేతులు జారిపోతున్నాయి. ఇంతలో చక్రానికి అవతలివైపు ఇంకో రెండు చేతులు పడ్డాయి. దర్జీ! కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"కిందికి చూడకు," అంది ఆమె.

"అసలు తెరిస్తేగా! తిప్పు!"

రెండడుగులు లేచేసరికి తలుపు అదిరింది. దుంగ గిర్రున తిరిగి నురగలోంచి సముద్రంలోకి పోయింది. ఆ క్షణం నుంచి ఇద్దరూ ఊపిరి తీసుకోకుండా కిందికి తిప్పారు. తలుపు అడుగుని తాకిన చప్పుడు అరికాళ్ళకి తెలిసింది. కాసేపటికే మొదటి పెద్ద అల బయటినుంచి వచ్చి తలుపుని గుద్దింది. దర్జీ అక్కడే చతికిలబడ్డాడు. ఇంజినీరు గొడుగు పారేసి రెండు చేతులూ జోడించాడు.

సముద్రం తగ్గాక, మర్నాడు పొద్దున గేటత్త మొగుడితో కలిసి ఇంటికెళ్ళింది. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. రెండో మెట్టు దగ్గర ఆగాయి. గడప తడవలేదు. అత్తగారు మంచం మీద ఎప్పటిలాగే కూర్చుని ఉంది.

"ఏమే, మెట్లదాకా వచ్చాయి నీళ్ళు. పామో పుట్రో ఎక్కితే?"

దర్జీకి ఒళ్ళు మండింది. "అమ్మా, అక్కడ ఏం జరిగిందో తెలుసా నీకు? నువ్వు నిన్న జీపెక్కి ఉంటే మాకు సగం ప్రాణం కుదుటపడేది!"

మంచం పక్కనే కునికిపాట్లు పడుతున్న పక్కింటి పిన్ని ఉలిక్కిపడి లేచింది. "ఎక్కుతుందా మహాతల్లి! జీపువాళ్ళని ఎలా కసిరిందనుకున్నావ్! గేటు దగ్గర మా కోడలుంది, అది ఉండగా నా ఇంట్లోకి నీళ్ళెలా వస్తాయి, పోండి పోండి అంది."

గేటత్త అత్తగారి మొహంలోకి చూసింది. ముసలావిడ చప్పున గోడవైపు తిరిగిపోయింది.

"అలా గుడ్లప్పగించి చూస్తావేం? ముందు ఆ తడిచీర మార్చుకో, తల్లీ."