తల తిరిగిన ఇద్దరు

డెబ్బై ఎనిమిది మే నెలలో భిలాయిలో దిగాను. సెక్టర్ 4లో ఒక స్కూలు మైదానం, క్యాడెట్ల శిక్షణ క్యాంపు, ఇరవై రోజులు. నేను నర్సింగ్ హవల్దారుని. ఒక టెంటు, రెండు మంచాలు, ఒక అంబులెన్సు బండి. పొద్దున పదికే వడగాలి. అక్కడ ఎవరికి తల తిరిగినా ఎండదెబ్బే! జేబులో ఉల్లిపాయ పెట్టి, గొంతులో మామిడికాయ పన్నా పోసేవారు.

మూడో రోజు పరేడ్‌లో డ్రిల్ నేర్పే ఉస్తాద్ కూలబడ్డాడు. భూమి గిర్రున తిరుగుతోందంటూ వాంతి చేసుకున్నాడు. పక్షవాతమేమోనని హడలిపోయి బండిలో ఆసుపత్రికి తోలించాను. సాయంత్రానికి నవ్వుకుంటూ వచ్చాడు.

మా క్యాంపు డాక్టరు, కెప్టెన్ గారు, నన్ను దులిపేశారు. "అది లోపలి చెవి జబ్బయ్యా. తల తిప్పితే తిరిగింది, కదలకుంటే నిమిషంలో ఆగింది. మాట బాగుంది, పట్టుకుంటే నడిచాడు. మాట ముద్దయినా, ఒకటి రెండుగా కనిపించినా, వేలు ముక్కుకు అందకపోయినా, కూర్చోలేకపోయినా అది మెదడు. ఇకనుంచి నన్నడక్కుండా బండి కదలకూడదు."

పన్నెండో రోజు, ఉదయం పదకొండు. వంటమేస్త్రి పొయ్యి దగ్గర పడిపోయాడు. సిక్కోలు మనిషి, కాపురం భిలాయిలోనే, ఖుర్సీపార్ బస్తీలో. మాది విజయనగరమని తెలిసిన రోజు నుంచీ నాకు అన్న. అక్కడే కూరలు తరిగే అతని భార్య, మా వదిన, అప్పటికే పన్నా గ్లాసు పట్టుకుంది.

"ఎండదెబ్బే బావూ. ఓ గుటక తాగితే లేసి కూకుంటాడు."

"వద్దొదినా! గొంతుకి అడ్డం పడిపోద్ది." గ్లాసు లాక్కున్నాను. "అన్నా, ఏటవుతంది?"

"బుర్ర... తిరిగిపోతంది." మాట ముద్దగా వచ్చింది. కదలకుండా పడుకోబెట్టినా తిరుగుడు ఆగలేదు. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయాడు. ముక్కు ముట్టుకోమన్నాను. వేలు చెంప దాటి గాలిలో ఆగింది.

కెప్టెన్ జీపులో పక్కూరు కుమ్హారి వెళ్లారు. ఇంకో గంటకు గాని రారు.

"ఆర్డర్ నహీ హై, ఉస్తాద్," అన్నాడు బండి డ్రైవరు నాతో.

"ఆర్డర్ నాది. శిక్ష పడితే అదీ నాదే. చలో!"

భయం వేసింది, ఎందుకు దాచాలి? నా హవల్దారు స్ట్రైపులు ఊడితే ఊడనీ అనుకున్నాను. ఆసుపత్రిలో పరీక్షించి మెదడే అన్నారు. సాయంత్రం కెప్టెన్ నా రిపోర్టు రెండుసార్లు చదివి, సంతకం పెట్టారు.

క్యాంపు ఎత్తేశాక, దుర్గ్‌లో రైలెక్కే ముందు ఆసుపత్రికి వెళ్లాను. అన్న బతికాడు. నన్ను చూడగానే సెల్యూట్ కొట్టబోయాడు. చెయ్యి దారి తప్పి దిండుకు తగిలింది. వదిన సాయం పట్టబోతే విదిలించుకున్నాడు. మళ్లీ ఎత్తాడు, అందలేదు. మూడోసారి వేళ్లు కనుబొమకు తగిలాయి. నేను అటెన్షన్‌లో నిలబడి తిరిగి సెల్యూట్ కొట్టాను. ఇన్నేళ్లయినా ఆ చెయ్యి నా కళ్ల ముందు లేస్తూనే ఉంది.