చంద్రరావు గారి మొదటి బాణం

ఆనకట్టకి అవతలి లంక ఊళ్ళో చంద్రరావు గారి ఇల్లెక్కడని అడిగితే, "ఏ చంద్రరావు గారండీ? విల్లు చంద్రరావు గారా?" అని ఎదురడుగుతారు. అరటితోట ఆయన బతుకుతెరువు, విల్లు ఆయనకి జనం పెట్టిన ఇంటిపేరు. ముప్ఫయ్యేళ్ళ పాటు చుట్టుపక్కల తీర్థాలన్నింటిలో పౌరాణిక నాటకాలు వేశారు. నాటకం ఏదైనా కానివ్వండి, విల్లు పట్టే వీరుడి వేషం ఉందంటే అది ఆయనదే. కిరీటం పెట్టుకుని, బంగారు కాగితం చుట్టిన వెదురు విల్లు ఎత్తి, ఛాతీ విరిచి నారి లాగి వదిలితే వెనకనుంచి తబలా ధన్‌మని మోగేది. జనం ఈలలు వేసి 'వన్స్ మోర్' అని అరిచేవారు. చంద్రరావు గారు మొహమాటపడే మనిషి కాదు, మళ్ళీ లాగేవారు.

ఇందులో చిన్న చిక్కుంది. ఆ ముప్ఫయ్యేళ్ళలో ఆయన చేతినుంచి ఒక్క బాణం కూడా ఎక్కడికీ పోలేదు. పోతే ఇంకేమన్నా ఉందా, ముందు వరసలో సర్పంచి గారు కూర్చుంటారు! నారి వదలబోయే ముందు బాణం వేళ్ళ సందుల్లోంచి జారి పంచె మడతల వెనక్కి వెళ్ళిపోవాలి. ఎదుట ఉన్న రాక్షసుడు గుండె పట్టుకుని పడిపోవాలి. అదీ అందులోని విద్య. ఒకసారి చంద్రరావు గారు రాగంలో పడి నారి వదలడమే మరిచిపోతే, రాక్షస వేషం వాడు ఆగలేక ముందే పడిపోయాడు. జనం దానికీ చప్పట్లు కొట్టారు.

తరవాత తీర్థాల్లో నాటకాలు పోయి డాన్సు ప్రోగ్రాములు వచ్చాయి. చంద్రరావు గారికి అరవై దాటింది. బంగారు కాగితం విల్లు అటకెక్కి, బల్లులకి నిలయమైంది. ఆయన కూడా దాని సంగతి మరిచిపోయేవారేమో గానీ, రాజమండ్రిలో ఒక హాస్టలుకి అరటిగెలలు వేయడానికి వెళ్ళిన రోజున ఆ పక్క గ్రౌండులో ఒక దృశ్యం కంటపడింది.

పదో తరగతి చదివే వయసు పిల్ల ఒకతె విల్లు పట్టుకుని నిలబడి ఉంది. లాగింది, వదిలింది. అంతే. బాణం వెళ్ళడం చంద్రరావు గారికి కనపడనే లేదు. దూరంగా గడ్డితో బిగించి కట్టిన దిమ్మలో మాత్రం అది గుచ్చుకుని ఊగుతోంది. ఆ పిల్ల నవ్వలేదు, ఎవరివైపూ తిరగలేదు. ఇంకో బాణం తీసుకుంది. గెలలు దింపుతున్న ఆటో అబ్బాయి పిలుస్తున్నా వినిపించుకోకుండా ఈయన ఆ ఫెన్సింగు పట్టుకుని ఉండిపోయారు. చివరికి లోపలికి వెళ్ళి, కోచింగ్ ఇస్తున్న అమ్మాయిని పలకరించారు. ఆమె పేరు హెలెన్. ముప్ఫయ్యేళ్ళు కూడా ఉండవు.

"అమ్మా, ఒక మాట అడగొచ్చా అండి? ఆ పాప బాణం వదిలాక ఎటు చూసిందండి?"

"టార్గెట్ వైపేనండి. ఇంకెటు చూస్తారు?"

"జనం వైపు చూడదా అండి?"

హెలెన్ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరు ఆర్చరీ చేసేవారా బాబాయ్ గారూ?"

"ముప్ఫయ్యేళ్ళు చేశానమ్మా," అన్నారు చంద్రరావు గారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు, నిజం అంతకన్నా కాదు.

ఆ రోజు మోపెడ్ మీద ఆనకట్ట దాటుతుంటే ఆయన బుర్రలో ఒకటే తొలుస్తోంది. బాణం వేళ్ళని వదిలి వెళ్ళేటప్పుడు ఎలా ఉంటుంది? చెయ్యి తేలికవుతుందా, జలదరిస్తుందా? లోకమంతా తనని విల్లు చంద్రరావంటుంటే, తనకి మాత్రం ఆ సంగతి తెలియదు. ఒంట్లో ఓపిక ఉండగానే ఒక్క బాణం, ఒకే ఒక్కటి, నిజంగా తన చేతినుంచి బయల్దేరి వెళ్ళి గుచ్చుకోవాలి. గుచ్చుకోకపోతే ఇన్నేళ్ళ చప్పట్లూ బంగారు కాగితానికి కొట్టినవే అవుతాయి.

ఇంటికెళ్ళి భార్య పాపాయమ్మ గారికి చెబితే ఆవిడ కూర తిరగేస్తూ, "ఈ వయసులో ఎవరి మీద వేస్తారండీ బాణాలు?" అంది. "గడ్డి మీదే," అన్నారాయన. "అయితే వెళ్ళండి, గడ్డేం చేసింది పాపం," అని ఒప్పుకుంది.

అలా ఆదివారాలు గ్రౌండుకి వెళ్ళడం మొదలైంది. చుట్టూ మనవల ఈడు పిల్లలు. వాళ్ళ మధ్య ఈయన చేతికి హెలెన్ విల్లు ఇవ్వలేదు, ఒక రబ్బరు ట్యూబు ఇచ్చి లాగమంది. నాలుగు ఆదివారాలు రబ్బరు లాగాక, సొంత విల్లు తెప్పించుకుంటానని ఈయన పట్టుబట్టారు. ఆమె ఆయన చేతులు బారచాపించి టేపుతో కొలిచింది.

"ఉన్నవాటిల్లో పెద్దది చెప్పండమ్మా. బరువైంది."

"విల్లు బరువు చేతిలో తెలీదండి, లాగేటప్పుడు తెలుస్తుంది. మీకు తేలికైంది చాలు. వెదురుదే తెప్పిద్దాం."

"తేలికంటే?"

"అదిగో, ఆ పాప దగ్గరున్నదాని లాంటిదండి."

చంద్రరావు గారి ముఖం మాడిపోయింది. ఆయన స్టేజీ విల్లు నిలబెడితే కిరీటాన్ని దాటేది మరి. కానీ హెలెన్ మాటకి ఎదురుచెప్పలేదు. ఆమె ఇంకో సంగతి రెండుసార్లు చెప్పింది, వేలెత్తి మరీ చెప్పింది. "బాణం లేకుండా నారి లాగి వదలకండి బాబాయ్ గారూ. బాణం ఉంటే ఆ ఊపు బాణం తీసుకుపోతుంది. లేకపోతే విల్లే భరించాలి, విరిగిపోతుంది." ఈయన రెండుసార్లూ బుద్ధిగా తలూపారు.

ధవళేశ్వరంలో కొరియర్ వాడు ఫోన్ చేసిన రోజు ఆయనే వెళ్ళి పార్సిల్ మోపెడ్‌కి అడ్డంగా కట్టుకుని తెచ్చారు. గోదావరి గాలికి అది తెరచాపలా ఆయన్ని పక్కకి తోస్తుంటే, దారిపొడుగునా జనం "ఏంటండీ అది?" అని అడుగుతుంటే, ఆయనకి చెప్పలేనంత సంతోషం వేసింది. ఇంటి అరుగు మీద పార్సిల్ విప్పారు. నున్నటి వెదురు విల్లు, చుట్ట చుట్టిన నారి, తోకకి ఈకలున్న బాణాలు, వేళ్ళకి తొడుక్కునే తోలు ముక్క, ముంజేతికి కట్టుకునే పట్టీ. పాపాయమ్మ గారు విల్లుకి కుంకుమ బొట్టు పెట్టి, వెనక్కి జరిగి చూసి, "ఇంతేనాండీ? బంగారు కాగితం లేదేంటి?" అంది.

ఆ పట్టీని ఆయన చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. నారి ముంజేతికి కొట్టుకుంటుందట, అందుకట అది. ముప్ఫయ్యేళ్ళు చేతులకి వేషపు నగలు కట్టారు గానీ దెబ్బ తగులుతుందని ఏనాడూ ఏదీ కట్టుకోలేదు. అంటే ఇది నిజంగా దెబ్బకొడుతుందన్నమాట. ఆ ఆలోచన ఆయనకి భలే నచ్చింది.

ఆయన విల్లుకి నారి ఎక్కించేలోగా కబురు పాకిపోయింది. వాకిట్లో జనం చేరారు. అందరికన్నా ముందు వచ్చినవాడు లోకనాథ్, ఆయన నాటకాలకి హార్మోనియం వాయించినవాడు. "బావా, నారి కట్టావా? ఏదీ, ఒక్కసారి టంకారం చెయ్యి. చెవులారా విని ఎన్నాళ్ళయిందో!" అన్నాడు.

"చెయ్యకూడదంటయ్యా. మేడమ్ చెప్పారు."

"నువ్వు చెయ్యకపోతే ఇంకెవడు చేస్తాడు బావా?"

ఎదురుగా జనం. కాళ్ళ కింద అరుగు, స్టేజీ ఎత్తున. చంద్రరావు గారి ఛాతీ దానంతటదే విచ్చుకుంది, గడ్డం పైకి లేచింది. లాగి వదిలారు. నారి ఖంగున మోగింది. తబలా సాయం లేకుండా, సొంతంగా! అది విని ఆయనే నివ్వెరపోయారు. "వన్స్ మోర్!" అని లోకనాథ్ అరిచాడు. ఈయన మళ్ళీ లాగారు, చెవి దాకా లాగారు, వదిలారు. ఈసారి ఫట్‌మని ఇంకో చప్పుడైంది. విల్లు పిడికి పైన నిలువునా చీలి, నారి వేలాడింది.

అది కూడా ఆటలో ఉందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఆయన భరించలేకపోయారు. లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుంటే లోకనాథ్ గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయాడు. పాపాయమ్మ గారు అన్నం పెట్టినా కదలలేదు. "నేనింక ఆ గ్రౌండుకి వెళ్ళను. వేషగాణ్ణే నేను. విల్లు కనపడితే జనం వైపు తిరగడం తప్ప నాకేం రాదు," అన్నారు. నిజంగానే సిగ్గుతో చచ్చిపోతున్నాడా మనిషి.

పాపాయమ్మ గారు ఓదార్చే రకం కాదు. "మానెయ్యండి. కానీ ఆ అమ్మాయికి చెప్పి మానెయ్యండి. నేర్పిన మనిషికి మొహం చాటేస్తే ఏం మర్యాదండీ అది?" అని, ఆదివారం పొద్దున్నే విరిగిన విల్లుతో పాటు చక్కెరకేళి గెల ఒకటి మోపెడ్‌కి కట్టించింది.

హెలెన్ చీలిక చూడగానే, "ఖాళీగా వదిలారా?" అంది. ఆయన తల దించుకుని మొత్తం చెప్పారు. నాటకాలు, టంకారం, వన్స్ మోర్, ఏదీ దాచలేదు. ముప్ఫయ్యేళ్ళు ఆర్చరీ చేశానన్న ముక్క కూడా సరిదిద్దారు. తిడుతుందనుకున్నారు. ఆమె తిట్టకుండా రబ్బరు ట్యూబు తెచ్చి చేతికిచ్చింది.

"ఆ టంకారం ఎలా చేస్తారో చూపించండి."

"ఎందుకమ్మా ఇంకా?"

"నేనెప్పుడూ చూళ్ళేదండి. చూపించండి."

ఆయన నిలబడి లాగారు. హెలెన్ చుట్టూ తిరిగి చూసింది. భుజం నొక్కి చూసింది, మోచెయ్యి పట్టుకుని చూసింది. చెయ్యి వణకడం లేదు. "ఇలా ఎంతసేపుండగలరు?"

"పద్యం అయ్యేదాకా ఉండాలి కదమ్మా."

"మా పిల్లలు ఇందులో సగం కూడా ఉండలేరండి. కానీ బాబాయ్ గారూ, ఇప్పుడు ఎవర్ని చూస్తున్నారు?"

చంద్రరావు గారు అప్పుడు గమనించుకున్నారు. చెయ్యి దిమ్మ వైపుంది, ముఖం మాత్రం పక్కన నిలబడి నవ్వుతున్న పిల్లల వైపుంది.

ఆమె ఆయన్ని దిమ్మకి బాగా దగ్గరగా, నాలుగడుగుల్లో నిలబెట్టి, అక్కడి పిల్లలు వాడే విల్లు, ఒక బాణం ఇచ్చింది. "ఇంత దగ్గర్నుంచి తప్పడం ఎవరివల్లా కాదు. గురి అక్కర్లేదు. లాగాక కళ్ళు మూసుకోండి. అప్పుడు జనం ఉండరు."

ఆయన లాగి కళ్ళు మూసుకున్నారు. వదలబోతుండగా, "ఆగండి! వదలొద్దు!" అని హెలెన్ అరిచింది. కళ్ళు తెరిచి చూస్తే నారి చెంప దగ్గరే ఉంది, బాణం లేదు. అది కాళ్ళ దగ్గర గడ్డిలో పడి ఉంది. ఆయన నారిని మెల్లగా సడలించి, "నేను జారవిడవలేదమ్మా, వేళ్ళే," అన్నారు. అంతకుముందు చెప్పడం మరిచిన పంచె మడతల సంగతి ఆమెకి అప్పుడు చెప్పాల్సి వచ్చింది. హెలెన్ ఆశ్చర్యపోయి, ఆ జారవిడిచే కిటుకు ఒకసారి చూపించమని అడిగి, చూసి, పిల్లల్ని కూడా పిలిచి చూపించింది. ఎంత ప్రయత్నించినా వాళ్ళెవరికీ అది రాలేదు.

"ఇంత కష్టమైంది నేర్చుకున్న వేళ్ళండీ ఇవి. ఊరికే మానవు," అంది. "ఈసారి నారితో పాటు బాణం తోక కూడా వేళ్ళకి తగుల్తోందా లేదా, అదొక్కటే చూసుకోండి. తగుల్తున్నంతసేపూ పట్టుకోండి. ఇంక పట్టుకోలేననిపించినప్పుడు వదలండి."

మళ్ళీ లాగారు, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. బాణం తోక రెండు వేళ్ళ మధ్య ఉంది. బియ్యపుగింజంత ఒత్తిడి. జారవిడవమని వేళ్ళు సలుపుతున్నాయి, ఆయన పట్టుకున్నారు. ఒక పద్యం అయిపోయేంతసేపు పట్టుకున్నారు. భుజం మండింది, ఊపిరి బరువెక్కింది. ఎప్పుడు వదిలారో ఆయనకి తెలియలేదు. వేళ్ళ మధ్య ఉన్నది లేకుండా పోయింది. తేలికవడం కాదు, జలదరింపూ కాదు. ఉన్నది వెళ్ళిపోయింది, అంతే. ఎదుట చిన్న చప్పుడైంది.

కళ్ళు తెరవడానికి భయం వేసింది. తెరిచారు. గడ్డి దిమ్మలో, కొంచెం ఎడంగా, బాణం నిలబడి ఉంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్కడ రోజూ అలాంటివి వందల కొద్దీ గుచ్చుకుంటాయి. పక్క పిల్ల తన వంతు కోసం విల్లు పట్టుకుని నిలబడి ఉంది.

"వెళ్ళి తీసుకురండి. ఒక చెయ్యి దిమ్మకి ఆన్చి, తిన్నగా లాగాలి," అంది హెలెన్.

చంద్రరావు గారు వెళ్ళి బాణాన్ని పట్టుకుని లాగారు. రాలేదు. గడ్డి గట్టిగా పట్టేసింది. ఇంకోసారి లాగబోయి ఆగిపోయారు. వేలి కొనతో బాణాన్ని, అది దిగబడిన చోటుని తడిమి చూసుకున్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"రావట్లేదా అండి? నేను తియ్యనా?" అంటూ హెలెన్ దగ్గరికి వచ్చింది.

"వద్దమ్మా," అన్నారాయన, బాణానికి అడ్డంగా నిలబడి. "ఇది గుచ్చుకుందమ్మా. కాసేపు ఉండనివ్వండి."