టోకెన్ల పెద్దాయన

ఆఫీసులో అందరూ ఆయన్ని టోకెన్ల పెద్దాయన అంటారు. ఆ పేరంటే ఆయనకూ గర్వమే. రేకుల బడిలో పలక పట్టి చదివినవాడు నలభై ఏళ్ల కిందట కంపైలర్‌కి ప్రీప్రాసెసర్ రాశాడు, అంటే మనం రాసిన ప్రోగ్రామును మెషీన్ భాషలోకి మార్చేముందు టోకెన్లనే ముక్కలుగా కోసిపెట్టేది. మూడు కంపెనీలు దాన్నే వాడుకున్నాయి. కొత్తగా ఎవరు చేరినా పక్కన కూర్చోబెట్టుకుని, తెరమీద చూపుడువేలు ఎడమ నుంచి జరుపుతూ చెబుతాడు: పేరొక టోకెను, అంకె ఒక టోకెను, గుర్తొక టోకెను, ప్రీప్రాసెసర్ ఎంత పొడుగు ముక్క కుదిరితే అంత కోసుకుంటూ పోతుంది. మనుషులు తమకోసం రాసుకున్న కామెంట్లను మాత్రం పట్టించుకోదు, ఒక్కోదాని చోట ఒక ఖాళీ వదిలి ముందుకు సాగుతుంది.

నిన్న కొత్తమ్మాయి ఒక పాత ఫైలు శుభ్రం చేసింది. "బాబాయ్ గారూ, కామెంట్లన్నీ పీకేశాను. 'ఇక్కడ తొందరపడకు' అట, 'ముందు తిని రా, తర్వాత చూద్దువు' అట. ఎవరి గోలండీ ఇది?"

"మీ పిన్నిది. ఆ ఫైలు ఇద్దరం కలిసి రాశాం."

ఆవిడ పోయి ఆరేళ్లయిందని అమ్మాయికి తెలుసు. నాలుక కరుచుకుంది. "కామెంట్లు పీకక ముందూ, పీకిన తర్వాతా వచ్చిన టోకెన్లు పోల్చి చూశానండీ. ఒక్కటీ మారలేదు," అంది మెల్లిగా.

ఆయన కళ్లజోడు తుడుచుకుని ఆ రెండు టోకెన్ల వరుసలూ పైనుంచి కిందిదాకా చూశాడు. నిజంగానే ఒక్కటీ మారలేదు. కామెంట్లు ఉన్నా పోయినా టోకెన్లు మారకూడదని నియమం రాసింది తనే. ఎన్ని సభల్లో చెప్పుకున్నాడో.

"బాగా చేశావమ్మా," అన్నాడు. అమ్మాయి లేవబోతుంటే మళ్లీ పిలిచాడు. "పాత ఫైలు ఉందిగా, అదే ఉంచు. మెషీన్‌కి అక్కర్లేదులే. నాకు కావాలి."