సుగుణమ్మ ఇంట్లో ఎలుకలు: జహీరాబాద్‌కు ఒక క్షమాపణ ప్రయాణం

ఈ ప్రయాణానికి కారణం నా నోరే. హైదరాబాద్‌లో ముగ్గురు ఇంజనీర్లు చిన్న స్టార్టప్ పెట్టి, శరణార్థుల కోసం ఒక యాప్ తయారు చేశారు. కావలసిన మాట వాళ్ల భాషలో నొక్కితే ఫోను తెలుగులో పలుకుతుంది. పదో తరగతి రెండుసార్లు తప్పినా నాది అసలైన జహీరాబాద్ యాస కాబట్టి గొంతు నన్నే ఇవ్వమన్నారు. "ఇల్లు అద్దెకుందా?" అనాల్సిన చోట, ఎవరు పట్టుకుంటారో చూద్దామని, "అమ్మా, మీ ఇంట్ల మనుషులుంటరా, ఎలుకలుంటయా?" అన్నాను. ఎవరూ పట్టుకోలేదు. బర్మా నుంచి వచ్చి జహీరాబాద్ దగ్గర గది వెతుకుతున్న సల్మా ఆ మాటే ఇంటావిడ సుగుణమ్మకు వినిపించింది. ఆవిడ తలుపు వేసుకుంది. సల్మా, ఆమె ఇద్దరు పిల్లలు ఇప్పుడు ఉంటున్న రేకుల షెడ్డేమో ఆదివారంలోగా ఖాళీ చేయాలి. సంగతి ఇంజనీర్ల ద్వారా తెలిసి, నేనే వస్తున్నానని సల్మాకు కబురు పెట్టించాను.

శనివారం ఉదయం ఏడింటికి లింగంపల్లిలో బస్సెక్కాను. రెండు, రెండున్నర గంటల దారి. చెరుకు లారీల వెనక ఇరుక్కుంటే ఇంకో అరగంట కలుపుకోండి. జహీరాబాద్ బస్టాండులో చాయ్ తాగి, ముప్పై రూపాయలిచ్చి కోహీర్ వైపు ఆటో ఎక్కాను. నా కథ విన్న డ్రైవర్ అద్దంలోంచి చూశాడు.

"గింత వయసొచ్చింది, గిదేం పని కాకా?"

"జర నవ్వుతరనుకున్న."

"ఆమెకు ఇల్లు పోతుంటే ఎవలు నవ్వుతరు?"

 ఆటో దిగి సుగుణమ్మ ఇల్లు అడుగుతూ నడిచాను.

సల్మా గేటు బయట ఫోను పట్టుకుని నిలబడి ఉంది. లోపల సుగుణమ్మ అల్లం దుంపలకు మట్టి దులుపుతోంది.

"అమ్మా, ఆ మాట నాది. ఆమెది గాదు," అన్నాను.

"గట్లనా? అయితే నా మొఖం చూసి అను."

అన్నాను. అదే ఎలుకల మాట, ఆవిడ మొఖం చూస్తూ.

"ఎలుకలున్నయి. బెల్లం బస్తాల పక్క గది. ఉంటదా, అడుగు."

అడగడానికి యాప్ కోసం చెయ్యి చాపాను. సల్మా ఫోను సంచిలో వేసేసింది.

"ఎలుకలుంటే పిల్లిని తెస్తనమ్మా," అంది తనే, వచ్చిన కాస్త తెలుగులో.

సుగుణమ్మ పగలబడి నవ్వి, ఒక అల్లం దుంప నా మీదికి విసిరింది. "నీకంటె ఈ పిల్ల నయం!" తాళంచెవి సల్మా చేతిలో పడింది.

ఆ పిల్లి మాట నేను రికార్డు చేసింది కాదు. యాప్ ఆమెను గేటు దాకా తెచ్చింది, నేను గేటు వేయించాను, ఆమె తనంతట తెరిపించుకుంది. సోమవారం ఇంజనీర్ల దగ్గరికి వెళ్లి నా వాక్యం సరిచేసి చెప్పాను. పిల్లి మాట కూడా చేర్చమన్నాను, సల్మా గొంతుతోనే.

మీరూ అక్కడ గది వెతకబోతుంటే పదింటిలోపే వెళ్లండి. తర్వాత ఇంటివాళ్లు పొలానికి పోతారు. ఎలుకల సంగతి మాత్రం తాళంచెవి చేతికొచ్చాకే అడగండి.